అతుకుల చరిత్ర: భారీ కాంపోజిట్ విమాన నిర్మాణాలు, వాటి సారథ్యం

7.1 పరిచయం

వెనుకటి యూనిట్‌లో మీరు అల్యూమినియం విమానం గురించి చదివారు. రేకులు, చట్రాలు, వాటిని కలిపే వేలాది రివెట్లు మీకు గుర్తుండే ఉంటాయి. ఈ యూనిట్‌లో చూడబోయే విమానం వేరు. దాని రెక్క, మొండెం, తోక ఎక్కువగా నారతోనూ జిగురుతోనూ తయారవుతాయి. నార అంటే కార్బన్ నార. జిగురు అంటే ఎపాక్సీ రెసిన్. ఈ రెండూ కలిసి గట్టిపడిన పదార్థాన్నే కాంపోజిట్ అంటున్నాం.

ఈ కథను సాధారణంగా పదార్థం కథగా చెబుతారు. తేలికైన, బలమైన కొత్త పదార్థం వచ్చింది, పాత లోహాన్ని పక్కకు నెట్టింది అంటారు. అది అబద్ధం కాదు, కాని సగం కథ మాత్రమే. బలమైన కార్బన్ నార 1960ల మధ్యకే ఇంజనీర్ల చేతికి వచ్చింది. దానితో చేసిన మొండెం, రెక్కలతో పెద్ద ప్రయాణికుల విమానం ఎగరడానికి మరో 40 ఏళ్లకు పైగా పట్టింది. ఎందుకంత ఆలస్యం? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని చదవండి. నా సమాధానం ముందే చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. అసలు చిక్కు నారలో కంటే అతుకులో ఎక్కువగా ఉంది. రెండు భాగాలు కలిసే చోట, రెండు పదార్థాలు కలిసే చోట, రెండు కంపెనీల పని కలిసే చోట ఉంది. ఇలాంటి నిర్మాణాల రూపకల్పనకు సారథ్యం వహించే ఇంజనీరు రోజువారీ పనిలో ఎక్కువ భాగం అక్కడే గడుస్తుంది.

7.2 పదార్థమూ భాగమూ ఒకేసారి పుడతాయి

అల్యూమినియం రేకు కార్ఖానాకు వచ్చేసరికే దాని బలం తేలిపోయి ఉంటుంది. ఎంత లాగితే తెగుతుందో పట్టికలో చూసుకోవచ్చు. కాంపోజిట్ విషయంలో ఆ సౌకర్యం లేదు. కార్ఖానాకు వచ్చేది జిగురు పట్టించిన, ఇంకా గట్టిపడని నార పట్టీ. దాన్ని శీతల గదిలో దాచి, బయటికి తీసి, అచ్చు మీద పొర మీద పొరగా పరుస్తారు. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో ఐదోవంతు ఉంటుంది. మీలో ఆత్రేయపురం పూతరేకులు చుట్టడం చూసినవారికి పొరల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. తరువాత ఆ దొంతరను సంచిలో మూసి, గాలి లాగేసి, ఆటోక్లేవ్ అనే పెద్ద పీడన పొయ్యిలో సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో, వాతావరణ పీడనానికి అనేక రెట్ల ఒత్తిడిలో ఉడికిస్తారు. రెక్క చర్మం, ఆ చర్మపు పదార్థం ఒకే పొయ్యిలో, ఒకే గంటలో పుడతాయి.

దీని పర్యవసానం గమనించండి. ఒకే పాళ్లు కలిపినా రెండిళ్ల ఆవకాయ ఒకేలా ఉండదు. కాంపోజిట్ కూడా అంతే. పొరల మధ్య గాలి బుడగ మిగిలినా, నార ఎక్కడైనా ముడత పడినా, పొయ్యి వేడి ఒక మూలకు సరిగా అందకపోయినా బలం మారిపోతుంది. కనుక ఈ నిర్మాణాలను నడిపించే ముఖ్య ఇంజనీరు బొమ్మ గీసి కార్ఖానాకు పంపి చేతులు దులుపుకోలేడు. తయారీ పద్ధతి, తనిఖీ పద్ధతి, మరమ్మతు పద్ధతి మూడూ గీసే రోజునే తేలాలి.

రెండో సంగతి దిశ. చేనేత మగ్గం తెలిసినవారికి ఇది సులువు. పడుగు వైపు లాగితే బట్ట ఎంత గట్టిదైనా, ఏటవాలుగా లాగితే సాగుతుంది. కార్బన్ నార కూడా తన పొడవునే బలం చూపుతుంది. అందుకే పొరలను కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా, కొన్ని 45 డిగ్రీల వాలుగా పరుస్తారు. ఎక్కడ ఎన్ని పొరలు, ఏ దిశలో అన్నదే రూపకల్పన. అయితే పొరకూ పొరకూ మధ్య నార ఉండదు, జిగురు ఒక్కటే ఉంటుంది. చర్మాన్ని దాని తలానికి అడ్డంగా, పొరలు విడిపోయేలా లాగే బలం వస్తే మోయాల్సింది ఆ జిగురే. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే 7.6లో చెప్పే కథ మీకు సగం అర్థమైనట్టే.

7.3 చెక్క విమానం, కోడి పరీక్ష

నార, జిగురు అనే ఆలోచన కార్బన్‌తో మొదలు కాలేదు. చెక్క కూడా ప్రకృతి అల్లిన కాంపోజిటే. బ్రిటన్‌లో డి హావిలాండ్ కంపెనీ ముఖ్య రూపకర్త ఆర్. ఇ. బిషప్ నాయకత్వంలో తయారైన మాస్కిటో యుద్ధవిమానం 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది. బర్చ్ ప్లైవుడ్ పలకల మధ్య తేలికపాటి బాల్సా చెక్కను పెట్టి, అచ్చు మీద వంచి, మొండెాన్ని రెండు సగాలుగా చేసి, చిక్కుడు కాయ రెండు బద్దల్లా మధ్యగీత వెంబడి అతికించేవారు. ఫర్నిచర్ చేసే వడ్రంగులు కూడా ఆ విమానం భాగాలు చేశారు.

ఈ విమానం కథలో మన దేశానికి చోటుంది. 1944లో భారతదేశంలో పనిచేస్తున్న కొన్ని మాస్కిటోల రెక్క పైచర్మం లోపలి దూలం నుంచి విడిపోయింది, విమానాలు కూలాయి. ముందు జిగురును అనుమానించారు. తరువాత వానకాలపు తేమకు చెక్క ఉబ్బి, కుంచించుకుపోయిందన్నారు. ఆపై జరిగిన విచారణ తయారీలోనే లోపాన్ని చూపింది. చర్మం దూలం మీద సరిగా కూర్చోక సందు మిగిలిన చోట జిగురు పట్టనేలేదు. రెక్క వెంబడి ఒక ప్లైవుడ్ పట్టీ అతికించి ఆ కీలును మూయడం పరిష్కారమైంది. వాతావరణాన్ని నిందించడం తేలిక. సందును కొలవడం కష్టం. ఈ సందు అనే మాట ఈ యూనిట్‌లో మళ్లీ వస్తుంది.

1960ల మధ్యలో ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో విలియం వాట్, లెస్లీ ఫిలిప్స్, విలియం జాన్సన్ బలమైన కార్బన్ నార తయారీ పద్ధతిని అభివృద్ధి చేశారు. దాన్ని పెద్ద ఎత్తున వాడాలని అందరికంటే తొందరపడింది రోల్స్ రాయిస్. 1968లో అమెరికా లాక్‌హీడ్ కంపెనీ ట్రైస్టార్ విమానం కోసం ఆర్‌బి211 ఇంజను ఒప్పందం గెలుచుకుంది. ముందు తిరిగే పెద్ద ఫ్యాన్ రెక్కలను హైఫిల్ అనే కార్బన్ కాంపోజిట్‌తో చేస్తే చాలా బరువు తగ్గుతుందని లెక్క. లాగుడును ఆ రెక్కలు బాగానే తట్టుకున్నాయి. కాని ఇంజనులోకి పక్షి వస్తే ఏమవుతుందో చూడాలి కదా. చచ్చిన కోడిని తుపాకీతో ఇంజనులోకి కొట్టే పరీక్షలో ఆ రెక్కలు ముక్కలయ్యాయి. పక్కనే సమాంతరంగా టైటానియం రెక్క సిద్ధం చేసి ఉంచడం వల్ల ఇంజను బతికింది. కంపెనీ మాత్రం ఆ ఇంజను ఖర్చుల భారంతో 1971 ఫిబ్రవరిలో దివాలా తీసి ప్రభుత్వం చేతికి వెళ్లింది. దివాలాకు హైఫిల్ ఒక్కటే కారణం కాదు. అయినా ఒక తరం ఇంజనీర్లకు ఆ పేరు హెచ్చరికగా మిగిలింది.

7.4 తోక నుంచి మొదలుపెట్టారు

ఆ దెబ్బ తరువాత ఎవరూ ఒక్క గంతు వేయలేదు. 1973 చమురు సంక్షోభంతో ఇంధనం పొదుపు మీద దృష్టి పెరిగి, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా విమాన కంపెనీలకు ఒక కార్యక్రమం పెట్టింది. మొండెాన్ని ముట్టుకోకుండా తోక భాగాలతో అనుభవం సంపాదించమంది. బోయింగ్ 737 విమానానికి కార్బన్ అడ్డ తోకలు ఐదు జతలు తయారు చేసి, 1982లో ధ్రువీకరణ పొంది, 1984 నుంచి మామూలు విమాన సర్వీసుల్లో తిప్పింది. ఆ పది తోకల విలువ అవి ఎగిరినప్పటికంటే తరువాత ఎక్కువగా తెలిసింది. రిటైరైన విమానాల నుంచి కొన్నింటిని విప్పి, ముక్కలు కోసి చూస్తే పదార్థం ఏళ్ల తరబడి తేమనూ వేడినీ తట్టుకొని బాగానే ఉందని తేలింది. పదార్థం వయసును ముందుగా లెక్కగట్టే మంచి మార్గం లేనప్పుడు వయసు రానివ్వడమే పరీక్ష.

యూరప్‌లో ఎయిర్‌బస్ ఇంకాస్త ధైర్యం చేసింది. 1985 నుంచి ఎ310 నిలువు తోకను కార్బన్‌తో చేసింది. లోహపు తోకతో పోలిస్తే భాగాల సంఖ్య బాగా తగ్గింది. 1988లో సర్వీసులోకి వచ్చిన ఎ320 తోక మొత్తం కాంపోజిటే. బోయింగ్ 777 విమానం 1995లో కాంపోజిట్ తోకతోనూ, కాంపోజిట్ నేల దూలాలతోనూ వచ్చింది. అప్పటికి రెసిన్ కూడా మారింది. పాత రెసిన్ గాజులా పెళుసు. పనిముట్టు జారి పడితే పైన గీత కూడా కనిపించేది కాదు, లోపల మాత్రం పొరలు విడిపోయేవి. కొత్త గట్టి రెసిన్ అలాంటి దెబ్బను ఎక్కువగా ఓర్చుకుంటుంది. అయినా రూపకర్తలు ఒక నియమం వదులుకోలేదు: కంటికి కనిపించీ కనిపించని దెబ్బ ఎక్కడో ఉందనే అనుకొని, ఆ దెబ్బతో కూడా పూర్తి భారం మోసేలా గీయాలి.

ఈ దశలోనే సారథులు ఒక పద్ధతి స్థిరపరిచారు. ముందు వేళ్లంత నమూనా ముక్కలు వేల సంఖ్యలో తెంపి చూస్తారు. తరువాత బోల్టు రంధ్రం ఉన్న ముక్క, తరువాత ఊతపట్టీతో ఉన్న పలక, తరువాత రెక్క పెట్టె, చివరికి మొత్తం విమానం. పైకి వెళ్లేకొద్దీ పరీక్షల సంఖ్య తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఈ మెట్లలో ఒకటి దాటేసినవాళ్లకు పై మెట్టు మీద ఏం జరుగుతుందో కాసేపట్లో చూస్తారు.

బీచ్‌క్రాఫ్ట్ స్టార్‌షిప్ గురించి ఒక మాట. పూర్తి కాంపోజిట్ మొండెంతో 1988లో ధ్రువీకరణ పొందిన చిన్న వ్యాపార విమానం అది. కొత్త పదార్థం కనుక అన్ని చోట్లా జాగ్రత్త పడ్డారు. తేలిక కోసం ఎంచుకున్న పదార్థంతో చివరికి అనుకున్నదానికంటే బరువైన విమానం వచ్చింది. 53 మాత్రమే తయారయ్యాయి. తరువాత కంపెనీయే చాలావాటిని తిరిగి తీసుకొని ధ్వంసం చేసింది.

మన దేశంలోనూ ఇదే కాలంలో ఈ దారి పట్టినవారున్నారు. 1984లో ఏర్పడిన ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ, కోట హరినారాయణ సారథ్యంలో, తేలికపాటి యుద్ధవిమానం తేజస్‌కు కాంపోజిట్ రెక్కను ఎంచుకుంది. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ దాని నిలువు తోకను, చుక్కానిని తయారు చేసింది. అక్కడ పట్టుబట్టింది ముఖ్యంగా ఒక సంగతి మీద: లోపలి దూలాలను, చర్మాన్ని విడిగా చేసి బోల్టులు బిగించే బదులు ఒకే పొయ్యిలో కలిపి ఉడికించడం. అతుకే లేకపోతే అతుకు సమస్యా ఉండదన్నది అందులోని తర్కం. దీనికి మూల్యం లేకపోలేదు. ఒక మూల తప్పు జరిగితే మొత్తం ముక్క పోతుంది. తేజస్ 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది. బరువులో సుమారు 45 శాతం కాంపోజిట్. ఏ దేశమూ అరువివ్వని అనుభవం అది. చేసి నేర్చుకోవాల్సిందే.

7.5 పదార్థం మీద విచారణ

2001 నవంబరు 12న న్యూయార్క్ నుంచి బయలుదేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం, ఎయిర్‌బస్ ఎ300, కొద్ది నిమిషాల్లోనే కూలింది. విమానంలోని 260 మంది, నేల మీద ఐదుగురు చనిపోయారు. కూలేముందే దాని కాంపోజిట్ నిలువు తోక ఊడి నీటిలో పడింది. ఊడింది మొండెంతో కలిసే కొక్కేల దగ్గర, అంటే అతుకు దగ్గరే. కాంపోజిట్ తోకలున్న విమానాలన్నీ నేల మీదనే ఆపేయాలని అన్నవారున్నారు.

ఇక్కడ కాసేపు ఆగండి. మీరే విచారణ అధికారి అయితే మొదట ఏం అడుగుతారు?

అమెరికా రవాణా భద్రతా మండలి అడిగింది ఇది: తోక తన హామీ ఇచ్చిన భారం కంటే ముందే విరిగిందా, తరువాతా? విమాన నిర్మాణానికి రెండు గీతలుంటాయి. సర్వీసులో ఎప్పుడైనా ఎదురుకాగల అతి పెద్ద భారం మొదటిది, దాన్ని పరిమితి భారం అంటారు. దానికి 1.5 రెట్లు రెండోది, అంతిమ భారం. లెక్కలు చూస్తే ఆ తోక అంతిమ భారాన్ని కూడా బాగా దాటాకే విరిగింది. ముందు వెళ్లిన పెద్ద విమానం రేపిన సుడిలో పైలట్ చుక్కాని పెడల్‌ను అవసరానికి మించి అటూ ఇటూ పదేపదే తొక్కడం వల్ల అంత భారం పుట్టిందని 2004లో మండలి తేల్చింది. శిక్షణ, ఆ చుక్కాని తేలికగా కదిలే తీరు కూడా అందులో పాలుపంచుకున్నాయంది. పదార్థం నిర్దోషిగా బయటపడింది. అయితే ఒక్క ప్రశ్న సారథుల కోసం మిగిలింది. పైలట్ పాదం ఎంత చేయగలదో తోక గీసినవారికి తెలుసా? చుక్కాని బృందం, నిర్మాణ బృందం, శిక్షణ బృందం మూడూ వేరువేరు గదులు. వాటి మధ్య తలుపు ఎవరు తెరవాలి?

7.6 రెక్క మొదలు దగ్గర

ఇక అసలు సందర్భానికి వచ్చాం. 2004 ఏప్రిల్‌లో బోయింగ్ 787ను ప్రారంభించింది. బరువులో సగం కాంపోజిట్. తోకతో ఆగలేదు, రెక్కలూ మొండెమూ కూడా. మొండెాన్ని పలకలుగా కాక పీపాలుగా చేశారు. తిరిగే పెద్ద అచ్చు చుట్టూ యంత్రాలు నార పట్టీలను చుడతాయి. ఉడికాక అచ్చును ముక్కలుగా విప్పి బయటికి తీస్తారు. ఒక్కో పీపాతో 1,500 అల్యూమినియం రేకులు, 40,000కు పైగా బిగింపులు తప్పుతాయని బోయింగ్ చెప్పింది. లోహం అలసిపోయి పగుళ్లు తేలే బెడద, తుప్పు బెడద తగ్గడం వల్ల ప్రయాణికుల గదిలో గాలి పీడనాన్ని, తేమను కాస్త పెంచగలిగారు. పాత విమానాల్లో లోపలి పీడనం 8,000 అడుగుల ఎత్తు మీద ఉన్నట్టు ఉంటే, ఇందులో 6,000 అడుగులే.

ఇంత పెద్ద మార్పుతో పాటు మరో మార్పునూ బోయింగ్ ఒకేసారి తలకెత్తుకుంది. నా దృష్టిలో పొరపాటు అక్కడ ఉంది. భాగాలను బయటి కంపెనీలు తయారు చేయడమే కాదు, చాలావరకు అవే వివరంగా రూపకల్పన కూడా చేయాలి. రెక్కలు జపాన్‌లో మిత్సుబిషి, రెక్కలను కలిపే మధ్య పెట్టె అదే దేశంలో ఫుజి, మొండెంలో కొన్ని భాగాలు కవాసకి, మధ్య పీపాలు ఇటలీలో అలేనియా, వెనుక పీపాలు అమెరికా చార్ల్‌స్టన్‌లో వాట్, ముక్కు విచిటాలో స్పిరిట్. మన దేశపు టాటా కంపెనీ టాల్‌కు కాంపోజిట్ నేల దూలాల పని దక్కింది, నాగ్‌పూర్‌లో ఆ కార్ఖానా పెట్టారు. ఈ భాగాలను మోయడానికి 747 విమానాల వీపును ఉబ్బించి ప్రత్యేక సరుకు విమానాలు తయారు చేయాల్సి వచ్చింది. అన్నీ సియాటిల్ దగ్గర ఎవరెట్‌లో కలవాలి. కొత్త పదార్థం ఒక కష్టం. కొత్త పని విభజన ఇంకో కష్టం. రెండూ కలిసే గీత మీద ఎవరి సంతకం ఉండాలన్నది మూడోది.

2007 జూలై 8న మొదటి విమానాన్ని లోకానికి చూపించారు. అమెరికా పద్ధతిలో తేదీ రాస్తే 7, 8, 07 అవుతుంది, ఆ వేడుక కోసమే ఆ రోజును ఎంచుకున్నారు. చూపించింది దాదాపు ఖాళీ డొల్ల. అసలు బిగింపులు దొరక్క చాలాచోట్ల తాత్కాలిక బిగింపులు పెట్టారు. కార్బన్ తగిలితే అల్యూమినియం త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి ఈ విమానానికి ఎక్కువగా టైటానియం బిగింపులు కావాలి, అవి అంత తొందరగా రావు. కొద్ది నెలల్లోనే కార్యక్రమ నాయకుడు మైక్ బెయిర్ స్థానంలో పాట్ షానహాన్ వచ్చాడు. మొదటి ఎగురుదల 2007 నుంచి 2008కి, అక్కడి నుంచి 2009కి జరిగింది.

2009 జూన్ చివరికి అంతా సిద్ధమైందనుకున్నారు. జూన్ 23న బోయింగ్ మళ్లీ వాయిదా ప్రకటించింది. కారణం రెక్క మొదలు.

ఏం జరిగిందో బొమ్మ గీసుకుంటూ చదవండి. ఎగురుతున్నప్పుడు రెక్క పైకి వంగుతుంది. అప్పుడు దాని కింది చర్మం సాగుతుంది, పైచర్మం నొక్కుకుంటుంది. పైచర్మం లోపలి వైపు పొడవునా ఊతపట్టీలుంటాయి, వాటిని స్ట్రింగర్లంటారు. ఈ పట్టీలు రెక్క చిట్టచివర, మొండెం గోడ దగ్గర ఆగిపోతాయి. అవతల ఫుజి చేసిన మధ్య పెట్టెలో వేరే పట్టీలు మొదలవుతాయి. పట్టీ ఆగిన చోట అది మోస్తున్న భారం ఒక్కసారిగా చర్మంలోకి దిగాలి. లోహంలో అయితే అలాంటి చోట కొద్దిగా సాగి, భారాన్ని పక్కలకు పంచుతుంది. కార్బన్ సాగదు. పట్టీ కొస చర్మం నుంచి పైకి లేవాలని చూస్తుంది. అక్కడ పట్టీకీ చర్మానికీ మధ్య ఉన్నది జిగురే. 7.2లో చెప్పిన వాక్యం ఇదే.

నేల మీద ఉంచిన పరీక్షా విమానం రెక్కలను యంత్రాలతో వంచినప్పుడు, ఆ పట్టీల కొసల దగ్గర పొరలు విడిపోయాయి. ఒక్కో వైపు 17 చోట్ల, మొత్తం 34 చోట్ల. లెక్కలు వేసిన కంప్యూటర్ నమూనా ఆ కొస దగ్గర పుట్టే ఒత్తిడిని తక్కువగా చెప్పింది. ఆ కొసను మాత్రమే పోలిన ముక్కను ముందుగా విడిగా విరగ్గొట్టి చూసి ఉంటే చిన్న ఖర్చుతో దొరికే లోపం, మొత్తం విమానం తయారయ్యాక బయటపడింది.

ఇప్పుడు సారథి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. ఎగిరే తేదీని లోకమంతా ఎదురుచూస్తోంది. విమానాన్ని తక్కువ భారంతో, జాగ్రత్తగా ఎగరేయవచ్చు. ఒక వారంలో ఆకాశంలో ఫొటో వస్తుంది. కాని అలాంటి ఎగురుదల నుంచి నేర్చుకునేది కొంచెమే, కొసలు ఎలాగూ విప్పక తప్పదు. బోయింగ్ ఆపేసింది. అప్పటికే రెండేళ్లు ఆలస్యమైన పనిలో మరో ఆరు నెలలు. ఆ వాయిదాను చాలామంది అవమానంగా చూశారు. ఆ కార్యక్రమంలో తీసుకున్న మంచి నిర్ణయాల్లో అది ఒకటని నా అభిప్రాయం.

మరమ్మతు చూడటానికి చిన్నదే. ప్రతి పట్టీ కొసను కొద్దిగా కోసి, అది మోసే భారం ముందే తగ్గేలా చేశారు. ఆ పట్టీని మొండెం వైపు నిర్మాణంతో నేరుగా కలిపే టైటానియం ముక్కలు బిగించారు. మనుషులు రెక్క లోపలి ఇంధన ట్యాంకు ఇరుకులోకి దూరి చేయాల్సిన పని అది. అప్పటికే కట్టిన విమానాలన్నింటికీ చేయాలి. నవంబరు నెలాఖరులో పరీక్షా విమానం రెక్కను మళ్లీ వంచి చూశారు, కొసలు నిలిచాయి. 2009 డిసెంబరు 15న 787 ఎగిరింది. 2010 మార్చి 28న నేల మీది విమానం రెక్కలను అంతిమ భారం దాకా, అంటే పరిమితి భారానికి 1.5 రెట్లు వంచారు. రెక్క కొస సుమారు 25 అడుగులు పైకి లేచింది, విరగలేదు. 2011 సెప్టెంబరులో జపాన్ ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్‌కు మొదటి విమానం అందింది. మొదట అనుకున్నది 2008 మే.

ఆ 2009లోనే ఇటలీ నుంచి వచ్చిన పీపాల చర్మంలో సన్నని ముడతలు కనిపించి, వాటి మీద అదనపు పొరలు అతికించాల్సి వచ్చింది. బోయింగ్ చార్ల్‌స్టన్‌లో వాట్ కార్ఖానాను కొనేసింది. వేరే చేతుల్లో పెట్టిన పని మళ్లీ తన చేతుల్లోకే తెచ్చుకోవడం ఖరీదైన వ్యవహారం.

7.7 పీపాలా, పలకలా?

ఎయిర్‌బస్ మొదట తన ఎ350ను అల్యూమినియం, లిథియం కలిసిన లోహపు మొండెంతో ప్రతిపాదించింది. కొనేవారు పెదవి విరిచారు. 2006లో ప్రణాళిక మార్చి కాంపోజిట్ మొండెానికి ఒప్పుకుంది, కాని పీపాల దారిలో వెళ్లలేదు. ఒక్కో విభాగానికి నాలుగు పొడవాటి పలకలు చేసి చట్రాల మీద కలిపింది. పైకప్పు, పక్కలు, అడుగు మోసే భారాలు వేరు కాబట్టి పలక పలకకూ మందం వేరుగా పెట్టుకోవచ్చు. చెడిపోతే ఒక్క పలకే పోతుంది. పొడవునా అతుకులు ఎక్కువ అన్నది మూల్యం. ఎ350 2013 జూన్ 14న ఎగిరింది. దానిలో కాంపోజిట్ 53 శాతం. ఏది మేలని అడిగితే ఒక్క మాటలో చెప్పడం కష్టం. అతుకుల సంఖ్య తగ్గించాలనుకున్నవారికి పీపా, ప్రతి అతుకునూ సులువు చేయాలనుకున్నవారికి పలక. ఈ ఎంపిక మొదటి ఏడాదిలోనే చేయాలి, తరువాత మార్చుకునే వీలుండదు.

పీపాల దారిలో ఉన్న కష్టం పదేళ్ల తరువాత మళ్లీ తలెత్తింది. రెండు పీపాలు కలిసే చోట కొద్దిపాటి తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ సందులో షిమ్ అనే పలచని ముక్క పెడతారు. గుమ్మం చట్రంలో సందు పూడ్చడానికి వడ్రంగి దోపే చెక్కముక్క లాంటిదే. 787లో మిగలగూడని సందు అంగుళంలో వెయ్యింట ఐదు వంతులు, అంటే ఇంచుమించు కాగితం మందం. అంతకు మించి వదిలి బోల్టు బిగిస్తే, సాగని చర్మంలో ఒత్తిడి శాశ్వతంగా నిలిచిపోతుంది. 2020 ఆగస్టులో కొన్ని విమానాల్లో రెండు లోపాలు ఒకేచోట కలిశాయని తేలింది: షిమ్ సరైన కొలతలో లేదు, చర్మం లోపలి ముఖం కావలసినంత నునుపుగా లేదు. ఎనిమిది విమానాలను వెంటనే నేల మీద ఆపారు. తక్షణ ప్రమాదం లేకపోయినా, మిగతావాటిని కొలిచేకొద్దీ సందులు మరిన్ని చోట్ల దొరికాయి. తయారై నిలబడ్డ విమానాల లోపలి అలంకరణ విప్పి, కొలిచి, కొత్త షిమ్‌లు పెట్టాల్సి వచ్చింది. 2021 మే నుంచి 2022 ఆగస్టు దాకా బోయింగ్ ఒక్క 787ను కూడా అప్పగించలేకపోయింది. ఆ నెలల్లో పూర్తయిన విమానాలు ఎవరెట్‌లో, చార్ల్‌స్టన్‌లో రన్‌వేల పక్కన వరుసలుగా నిలబడి ఉన్నాయి. లోపల మనుషులు కాగితం మందాలు కొలుస్తూ ఉన్నారు.